త్రీడీ చూస్తే తలనొప్పా? ముందు డ్రైవర్‌ని అడగండి!

హీరో ఎవరంటే ఠకీమని చెప్తారు. సంగీత దర్శకుడు ఎవరంటే చెప్తారు. ఫైట్ మాస్టర్ పేరు చెప్పే వీరాభిమానులు కూడా వున్నారు. కానీ మీరు చూసిన ఆటకు బొమ్మ వేసిన ఆపరేటర్ ఎవరని అడిగితే? ఒక్కరూ నోరు మెదపరు! బొమ్మ మసకబారినప్పుడు మాత్రం హాలు హాలంతా ఒక్కటై, ఈలలు వేసి మరీ తలుచుకునేది ఆయన్నే!

ఈ వారం మనం చెప్పుకోబోయేది అలాంటి మరో ఆపరేటర్ గురించి. ఈయన మనిషి కాడు. కేబిన్‌లో వుండడు. కంప్యూటర్‌లో, మీ ఆటకీ గ్రాఫిక్స్ కార్డుకీ మధ్య కూర్చునే ప్రోగ్రామ్. తలకు తగిలించుకునే హెడ్‌సెట్‌లో మీరు త్రీడీ బొమ్మ చూస్తున్నప్పుడు ఎడమ కంటి బొమ్మ ఎడమ కంటికీ, కుడి కంటి బొమ్మ కుడి కంటికీ వేళ తప్పకుండా చేరేలా చూసేవాడు ఈయనే. పేరు గ్రాఫిక్స్ డ్రైవర్!

వేలకు వేలు పోసి హెడ్‌సెట్ కొని, పావుగంట పెట్టుకుని, తల దిమ్మెక్కి, ‘‘అబ్బే, త్రీడీ మనకి పడదండీ’’ అంటూ దాన్ని బీరువా మీద పారేసినవాళ్ళు మీ స్నేహితుల్లో కూడా వుండే వుంటారు. పాపం, తప్పు వాళ్ళ కళ్ళదీ కాకపోవచ్చు, కళ్ళజోడుదీ కాకపోవచ్చు. మధ్యనున్న ఆపరేటర్‌కి ఎవరూ సరైన కబురు చెప్పి వుండరు. అదెలాగో చూద్దాం రండి.

ఒక ఫ్రేములో రెండు బొమ్మలు

మనదేశంలో మొట్టమొదటి త్రీడీ చిత్రం ‘మై డియర్ కుట్టిచాతన్’. నవోదయా వారు తీశారు. జిజో దర్శకుడు. 1984లో మలయాళంలో విడుదలైంది. మనవాళ్ళు దాన్ని ‘చిన్నారి చేతన’గా తెలుగులో చూశారు. గేటు దగ్గర నల్లకళ్ళజోడు ఇవ్వడం, బొమ్మ ముందుకు దూసుకొచ్చినప్పుడు పిల్లలు చేతులు చాచడం... ఆ ముచ్చట మీ అమ్మనో నాన్ననో అడిగితే ఈ రోజుకీ హుషారుగా చెప్తారు.

ఆ కాలపు త్రీడీ చిత్రాల్లో బాగా వాడుకలో వున్న పద్ధతి ఒకటి వుంది. ఒకే ఫిల్ము మీద, ఒకే ఫ్రేములో, పైన ఒక కంటి బొమ్మ, కింద రెండో కంటి బొమ్మ. ప్రొజెక్టర్‌కి ప్రత్యేకమైన లెన్సు, దాని ముందు పోలరాయిడ్ ఫిల్టర్లు, ఎదురుగా వెండిపూత వున్న తెర. ఆ రెండు బొమ్మల్నీ తెర మీద ఒకదాని మీద ఒకటి పడేలా సర్దడం ఆపరేటర్ పని.

ఆ సర్దుబాటులో ఒక బొమ్మ రవంత పైకి పోయిందనుకోండి! మన కళ్ళు రెండూ లోపలికి తిరగ్గలవు. కానీ ఒక కన్ను పైకీ, ఇంకో కన్ను కిందికీ చూడాలంటే వాటి వల్ల కాదు. బలవంతంగా ప్రయత్నిస్తాయి. ఫలితం, ఇంటర్వెల్ నాటికి తలనొప్పి! ఇక ఫిల్ము ఎక్కించడంలో ఫ్రేము సగం అటూ ఇటూ అయితే ఇంకా తమాషా. ఎడమ కంటి బొమ్మ కుడి కంటికి పోతుంది. దగ్గరున్నది దూరంగా, దూరంగా వున్నది దగ్గరగా... చూసేవాడికి ఏదో తేడా వుందని తెలుస్తుంది కానీ ఏమిటో చెప్పలేడు. ‘‘త్రీడీ బాగాలేదు’’ అని మాత్రం అంటాడు.

చూశారా? బొమ్మ తీసినవాడి తప్పు లేదు. కళ్ళజోడు తప్పు లేదు. మధ్యలో అర ఫ్రేము తేడా! ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. మిగతా కథంతా దీనిమీదే నడుస్తుంది.

రెండు కళ్ళు, ఒక లోకం

అసలు లోతు ఎలా కనపడుతుంది? ముఖం ముందు వేలు పెట్టుకుని ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూయండి. వేలు పక్కకి గెంతుతుంది కదా! గోడ మీది కాలెండర్ అంతగా గెంతదు. మన రెండు కంటిపాపల మధ్య దూరం పెద్దవాళ్ళలో సగటున 63 మిల్లీమీటర్లు. అంచేత రెండు కళ్ళూ ఒకే లోకాన్ని రెండు కోణాల్లో చూస్తాయి. ఆ తేడాని మెదడు లెక్కగట్టి ‘ఇది దగ్గర, అది దూరం’ అని తీర్పు చెప్తుంది. 1838లో ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టన్ ఈ సంగతిని అద్దాలూ రెండు బొమ్మలూ పెట్టి రుజువు చేసి చూపించాడు. ఆయన పెట్టిన పేరే స్టీరియోస్కోప్.

ఆ రెండు బొమ్మల్నీ ఏకంగా ముఖానికే తగిలిస్తే? అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ ఆ పని చేశాడు. 1968లో! రెండు చిన్న పిక్చర్ ట్యూబులు, కంటికొకటి. తల ఎటు తిరిగిందో కనిపెట్టడానికి పైకప్పు నుంచి వేలాడే ఇనుప చెయ్యి. అందులో కనపడిందేమిటయ్యా అంటే గీతలతో గీసిన పెట్టెలాంటి బొమ్మలు, అంతే. కానీ తల తిప్పితే ఆ పెట్టె పక్కభాగం కనపడింది! ఈనాటి హెడ్‌సెట్‌లన్నిటికీ తాతగారు అదే.

సినిమాకీ దీనికీ ఒక పెద్ద తేడా వుంది. సినిమాలో లోతు ఎంతుండాలో షూటింగు రోజునే చాలావరకు తేలిపోతుంది. రెండు లెన్సుల మధ్య దూరం ఎంత పెట్టారో అంత. కంప్యూటర్ ఆటలో అలా కాదు. బొమ్మ ముందే తీసి డబ్బాలో పెట్టి వుండదు. మీరు తల తిప్పిన క్షణంలో, అప్పటికప్పుడు, రెండు కళ్ళకీ రెండు బొమ్మలు గీయాలి. అంటే కెమెరామాన్, ఎడిటర్, ఆపరేటర్... ముగ్గురి పనీ సెకనులో ఎన్నోసార్లు జరిగిపోవాలన్నమాట!

ఒక బొమ్మని రెండు చేసిన గారడీ

2005లో ఈమాజిన్ అనే అమెరికన్ కంపెనీ ‘జెడ్ 800 త్రీడీ వైజర్’ అనే హెడ్‌సెట్ తెచ్చింది. కంటికొక బుల్లి ఓలెడ్ తెర. ఒక్కో తెరకి అడ్డంగా 800, నిలువుగా 600 చుక్కలు. 12 అడుగుల దూరంలో 105 అంగుళాల తెర చూస్తున్నట్టు వుంటుందని కంపెనీ ప్రకటన. తల తిప్పితే ఆటలో చూపు కూడా తిరిగేది. ఆ రోజుల్లో అది వింతల్లో వింత!

ఒక చిక్కు మాత్రం వుంది. అప్పటి ఆటలన్నీ ఒంటికన్ను ఆటలే. మామూలు మానిటర్ కోసం ఒక్క బొమ్మ మాత్రమే గీసేవి. మరి రెండో కంటికి బొమ్మ ఎవరివ్వాలి?

ఇక్కడే మన డ్రైవర్‌గారి ప్రవేశం! ఎన్విడియా కంపెనీ స్టీరియో డ్రైవర్ ఒకటి ఇచ్చేది. ఆట ‘ఇదిగో ఈ చెట్టు గియ్యి, ఇదిగో ఈ శత్రువుని గియ్యి’ అని కార్డుకి చెప్పే ప్రతి ఆజ్ఞనీ ఈ డ్రైవర్ మధ్యలో పట్టుకునేది. పట్టుకుని రెండుసార్లు గీయించేది. ఒకసారి కొంచెం ఎడమ పక్కనుంచి, ఒకసారి కొంచెం కుడి పక్కనుంచి. పాపం, ఆటకి ఈ సంగతే తెలియదు! తెర మీద పెదవులు కదిపేది హీరో, గొంతు ప్లేబ్యాక్ గాయకుడిది అన్నట్టు, పేరు ఆటది, లోతు డ్రైవర్‌ది.

ఆ గారడీకి రెండు కీలకాలు. మొదటిది రెండు కళ్ళ బొమ్మల మధ్య ఎడం. ఎడం పెంచితే లోతు పెరుగుతుంది. రెండోది చూపులు కలిసే చోటు. ఆ దూరంలో వున్న వస్తువు తెర మీదే వున్నట్టుంటుంది. దానికి ఇవతలివి ముందుకు వస్తాయి, అవతలివి లోపలికి పోతాయి. ఎన్విడియా డ్రైవర్‌లో కంట్రోల్ మీటతో టీ నొక్కితే త్రీడీ వచ్చేది, మళ్ళీ నొక్కితే పోయేది. కంట్రోల్‌తో ఎఫ్3, ఎఫ్4 నొక్కితే ఎడం తగ్గేది, పెరిగేది. ఎఫ్5, ఎఫ్6 నొక్కితే చూపులు కలిసే చోటు మారేది.

కుర్రకారు ఏం చేసేవాళ్ళో వూహించగలరు కదా! లోతు ఎంత వుంటే అంత మజా అని ఎడం ఒక్కసారే చివరికంటా పెంచేసేవాళ్ళు. అప్పుడేమవుతుంది? దూరపు కొండ తాలూకు రెండు బొమ్మలూ మన రెండు కళ్ళ మధ్య దూరం కంటే ఎడంగా జరిగిపోతాయి. వాటిని కలపాలంటే ఎడమ కన్ను ఎడమకీ, కుడి కన్ను కుడికీ, బయటివైపు తిరగాలి. భగవంతుడు కళ్ళకి ఆ విద్య నేర్పలేదు! పది నిమిషాల్లో నుదురు పట్టేస్తుంది. పైగా ఒక మానిటర్‌కి సరిపోయిన ఎడం హెడ్‌సెట్‌కి సరిపోదు. ఎందుకంటే తెర ఎంత పెద్దదిగా, ఎంత దూరంలో వున్నట్టు కనపడుతుందో దాన్నిబట్టి లెక్క మారిపోతుంది. అంచేత పక్కింటివాడి సెట్టింగు మనకి పనికిరాదు. ఎవరి జోడు వాళ్ళదే!

ఇవి కాక చిల్లర తగాదాలు చాలా వుండేవి. స్టీరియో డ్రైవర్ వెర్షనూ, మామూలు డిస్‌ప్లే డ్రైవర్ వెర్షనూ ఒకటే అయి వుండాలి. ఒకటి కొత్తదై, ఒకటి పాతదైతే త్రీడీ రాదు. సెకనుకి వచ్చే 60 బొమ్మల్లో ఎడమ కంటికొకటి, కుడి కంటికొకటి చొప్పున వంతులవారీగా పంచేవారు. అంటే కంటికి 30. కార్డు తెరతో తాళం కలిపి బొమ్మ వదలాలి. ఆ తాళం తప్పి ఒక్క బొమ్మ జారిపోయిందో, వరస మారి కళ్ళు తారుమారు! 1984 నాటి అర ఫ్రేము తేడాయే, మళ్ళీ ఇక్కడ ఇంకో వేషంలో! ఇంకా కొన్ని ఆటల్లో నీడలు మనిషిని వదిలి గాల్లో తేలేవి. ఆకాశం కొండ ముందుకు వచ్చి కూర్చునేది. గురిచూసే గుర్తు శత్రువు మీద కాక ముక్కు ముందు వేలాడేది. ఎందుకంటే అవి కొన్ని ఆటల్లో వేరే కిటుకుతో గీసినవి. డ్రైవర్ చేతికి చిక్కవు.

బొమ్మ గియ్యడం నుంచి బొమ్మ అందించడం దాకా

2012 జూన్‌లో అమెరికాలో జరిగిన ఈ3 ఆటల ప్రదర్శనలో జాన్ కార్మాక్ ఒక వింత వస్తువు చూపించాడు. డూమ్ ఆట తయారుచేసినవాళ్ళలో ఆయన ప్రముఖుడు. ఆ వస్తువు తయారుచేసింది పామర్ లక్కీ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాడు! అదే ఓకులస్ రిఫ్ట్. ఆ ఆగస్టులో కిక్‌స్టార్టర్ ద్వారా జనాన్ని రెండున్నర లక్షల డాలర్లు అడిగితే 24 లక్షల డాలర్ల పైన వచ్చిపడ్డాయి. 2014 మార్చిలో ఫేస్‌బుక్ ఆ కంపెనీని సుమారు 200 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది. సినిమా కథలా లేదూ?

ఈ తరం హెడ్‌సెట్‌తో డ్రైవర్ పాత్ర మారింది. ఇప్పుడు ఆటే స్వయంగా రెండు కళ్ళకీ రెండు బొమ్మలు గీస్తుంది. కాబట్టి నీడలు గాల్లో తేలే గొడవ చాలావరకు పోయింది. మరి డ్రైవర్‌కి పని తగ్గిందా? తగ్గలేదు సరికదా, పెరిగింది. గీసిన బొమ్మని వేళకి కంటికి చేర్చాలి. ఆ ‘వేళ’ అనేది మామూలు వేళ కాదు!

మొదటి రోజుల్లో కంప్యూటర్ ఈ హెడ్‌సెట్‌ని రెండో మానిటర్ అనుకునేది. 2014లో వచ్చిన ఓకులస్ రెండో నమూనానే తీసుకోండి. దాన్లో వున్నది శాంసంగ్ గెలాక్సీ నోట్ 3 ఫోన్ తెర. అది నిలువు తెర. విండోస్‌లో దాన్ని తిప్పి పెట్టకపోతే లోకం పక్కకి పడుకునేది! ఆట ఒక్కోసారి మామూలు మానిటర్‌లో తెరుచుకుని, హెడ్‌సెట్ ఖాళీగా వుండేది. హెడ్‌సెట్ సెకనుకి 75 బొమ్మలు అడుగుతుంటే, బల్ల మీది మానిటర్ 60 అడిగేది. కార్డు 60 తాళానికి ఆడితే హెడ్‌సెట్‌లో బొమ్మ గతుకుల రోడ్డు మీద బస్సులా కుదిపేది.

అప్పుడు కార్డు కంపెనీలు రంగంలోకి దిగాయి. ఏఎండీ వారి లిక్విడ్‌వీఆర్, ఎన్విడియా వారి గేమ్‌వర్క్స్ వీఆర్ 2015లో వచ్చాయి. ఎన్విడియా దానికి తర్వాత వీఆర్‌వర్క్స్ అని పేరు మారింది. ముఖ్యమైన మార్పు ఏమిటంటే, హెడ్‌సెట్‌ని విండోస్ కంట పడకుండా దాచి, కార్డు నేరుగా దానికే బొమ్మ పంపడం. 2016 మార్చిలో ఓకులస్ రిఫ్ట్, ఏప్రిల్‌లో హెచ్‌టీసీ వైవ్ బజారులోకి వచ్చేసరికి ఈ ఏర్పాటు కుదురుకుంది. రెండూ సెకనుకి 90 బొమ్మలు చూపేవి. అంటే ఒక్కో బొమ్మకి దొరికే సమయం సెకనులో వెయ్యో వంతులు 11 మాత్రమే! రెప్పపాటులో డజనుకి పైగా బొమ్మలు పూర్తయి కంటికి చేరిపోవాలి.

మామూలు ఆటలో ఒక బొమ్మ ఆలస్యమైతే ఎవరికీ తెలియదు. హెడ్‌సెట్‌లో అలా కాదు. మీరు తల తిప్పారు. లోకం తిరగలేదు. చెవి లోపలి సమతూక యంత్రం ‘తిరిగాం’ అంటుంది. కన్ను ‘తిరగలేదు’ అంటుంది. ఇద్దరి మధ్యా తగవు తీర్చలేక కడుపు తిప్పుతుంది! అందుకే తల కదిలిన దగ్గర్నుంచి బొమ్మ మారేదాకా సెకనులో వెయ్యో వంతులు 20 మించకూడదని ఈ రంగంలో నిపుణులు లక్ష్యంగా పెట్టుకున్నారు.

బొమ్మ నిజంగానే ఆలస్యమైతే? దానికీ ఒక కిటుకు కనిపెట్టారు. పాత బొమ్మనే, తల ఎంత తిరిగిందో అంత జరిపి, చివరి క్షణంలో అందిస్తారు. టైమ్‌వార్ప్ అంటారు దాన్ని. కానీ ఆట బొమ్మ గీస్తూ వుండగా కార్డుని ‘ఆగు, ముందు ఈ పని చూడు’ అని ఆపగలిగినవాడు కావాలి. ఎవరు? మళ్ళీ మన డ్రైవరే! డ్రైవర్ పాతదైతే ఆ ఆపడం కుదరదు. బొమ్మ కుదుపుతుంది. మీరు హెడ్‌సెట్‌ని తిడతారు.

అన్నట్టు, ఈ కథలో మన తెలుగు వాటా కూడా వుంది. ‘బాహుబలి’ లోకాన్ని హెడ్‌సెట్‌లో చూపే ‘ది స్వోర్డ్ ఆఫ్ బాహుబలి’ 2017లో న్యూయార్క్ ట్రైబెకా చిత్రోత్సవానికి వెళ్ళింది. దాని తయారీలో ఏఎండీ భాగస్వామి. అప్పట్లో ఆ కంపెనీ గ్రాఫిక్స్ విభాగానికి పెద్ద తెలుగువాడైన రాజా కోడూరి! తెర మీద మాహిష్మతి అయితే, తెర వెనుక కార్డూ డ్రైవరూ కూడా మనకి మరీ పరాయివి కావన్నమాట.

మీ హెడ్‌సెట్ మీ చేతుల్లో

సరే, కబుర్లు చాలు. మీ దగ్గర కంప్యూటర్‌కి తగిలించే హెడ్‌సెట్ వుంటే ఇవి వరసగా చూడండి. వరస మార్చకండి.

మొదట వైరు. హెడ్‌సెట్ వైరు కంప్యూటర్ వెనక మదర్‌బోర్డు పోర్టుకి కాక, గ్రాఫిక్స్ కార్డు మీది పోర్టుకే తగిలించాలి. వెనక పక్క చూస్తే కార్డు పోర్టులు విడిగా, కొంచెం కిందగా వుంటాయి. లాప్‌టాప్‌లలో రెండు గ్రాఫిక్స్ చిప్పులు వుండడం మామూలే. కొన్ని పోర్టులు చిన్న చిప్పుకే కలిపి వుంటాయి. ఏ పోర్టు పెద్ద చిప్పుదో లాప్‌టాప్ పుస్తకంలో చూసుకోండి.

రెండు, డ్రైవర్. కార్డు తయారుచేసిన కంపెనీ సొంత సైటు నుంచే తెచ్చుకోండి. కొత్తది వేసేముందు, ఇప్పుడు బాగా పనిచేస్తున్న వెర్షన్ నంబరు ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. కొత్తది వేశాక బొమ్మ కుదిపితే సిగ్గుపడకుండా పాతదానికి వెళ్ళిపోండి. కొత్తదల్లా మంచిదని రూలు లేదు. వేసేటప్పుడు పాత సెట్టింగులు చెరిపి శుభ్రంగా వేసే పద్ధతి ఎంచుకుంటే సగం గొడవలు పుట్టవు.

మూడు, మధ్యవర్తి ఒక్కడే వుండాలి. ఈనాటి ఆటలు చాలావరకు ఓపెన్ ఎక్స్‌ఆర్ అనే ఉమ్మడి పద్ధతిలో హెడ్‌సెట్‌తో మాట్లాడతాయి. మీ కంప్యూటర్‌లో స్టీమ్ వీఆర్‌తో పాటు హెడ్‌సెట్ కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్ కూడా వుంటే, ఆ పద్ధతికి ఎవరు బాధ్యులో మీరే ఎంచిపెట్టాలి. ఇద్దరు అసిస్టెంట్ డైరెక్టర్లు ఒకే నటుణ్ణి రెండు సెట్లకి పిలిస్తే ఏమవుతుంది? ఆట మొదలవుతుంది, హెడ్‌సెట్‌లో చీకటి!

నాలుగు, మీ కళ్ళ దూరం. అద్దం ముందు నిలబడి స్కేలు నుదుటికి ఆనించి కంటిపాప నుంచి కంటిపాపకి కొలవండి. కళ్ళజోడు షాపులో కొలిపించుకుంటే ఇంకా మంచిది. వచ్చిన మిల్లీమీటర్లు హెడ్‌సెట్ మీది చక్రంతోనో మీటతోనో పెట్టండి. అన్నయ్య 68, చెల్లాయి 58 అయితే ఒకరి సెట్టింగులో ఒకరు చూడకూడదు. ఇంట్లో నలుగురు చూస్తే నాలుగుసార్లు మార్చాల్సిందే.

అయిదు, సెకనుకి ఎన్ని బొమ్మలు? హెడ్‌సెట్‌లో 72, 90, 120 అని ఎంపిక వుంటే ఎక్కువదాని మీద ఆశపడకండి. మీ కార్డు తడబడకుండా ఇవ్వగలిగినదే పెట్టండి. అయినా కుదిపితే ముందు బొమ్మ నాణ్యత తగ్గించండి. కొంచెం మసక బొమ్మని కన్ను క్షమిస్తుంది. ఆలస్యపు బొమ్మని క్షమించదు.

ఆరు, కళ్ళు తారుమారయ్యాయేమో చూసుకోండి. ఆటలో ఒక స్తంభం పక్కన నిలబడి, కొంచెం తొంగిచూస్తున్నట్టు ఆగండి. ఎడమ కన్ను మూసి, కుడి కన్ను మూసి చూడండి. స్తంభం ఎడమ అంచు వెనక వున్నది ఎడమ కంటికి ఎక్కువ కనపడాలి. కుడి కంటికి ఎక్కువ కనపడితే బొమ్మలు మారాయన్నమాట! పాత ఆటల్ని త్రీడీగా మార్చే ప్రోగ్రాముల్లో ఎడమ, కుడి మార్చే మీట సాధారణంగా వుంటుంది.

ఏడు, ఆ పాత ఆటల్లో లోతు ఎడం తక్కువలో మొదలుపెట్టండి. ఎన్విడియా డ్రైవర్ మొదట పెట్టి ఇచ్చేది 15 శాతమే. కళ్ళు అలవాటుపడ్డ కొద్దీ రోజుకి కొంచెం పెంచుకోండి. ఆవకాయలో కారంలా, ఎక్కువైతే తీయలేం!

వైరు లేని క్వెస్ట్ లాంటి హెడ్‌సెట్‌లో చిప్పు, డ్రైవరు లోపలే వుంటాయి. వాటి సంగతి కంపెనీయే చూసుకుంటుంది. కానీ అదే హెడ్‌సెట్‌తో కంప్యూటర్ ఆట ఆడాలనుకుంటే, కంప్యూటర్ కార్డు బొమ్మని గీసి, వీడియోగా కుదించి, కేబుల్ మీదో వైఫై మీదో పంపాలి. అప్పుడు పైన చెప్పిన డ్రైవర్ సంగతులన్నీ మళ్ళీ మీ నెత్తినే!

ఇన్ని చేసినా తల నొప్పి పెడితే? ఒక మాట నిజాయితీగా చెప్పాలి. అన్ని తలనొప్పులకీ డ్రైవర్ కారణం కాదు. హెడ్‌సెట్‌లో వస్తువు దగ్గరగా వున్నట్టు కళ్ళు లోపలికి తిరిగినా, కంటి లెన్సు మాత్రం ఒకే దూరానికి సర్దుకుని వుంటుంది. ఆ శ్రమ కొంత వుంటూనే వుంటుంది. కొందరికి పుట్టుకతోనో, మెల్లకన్ను వల్లనో రెండు కళ్ళ బొమ్మలు కలవవు. సెట్టింగులన్నీ సరిగ్గా వున్నా లోతు కనపడకపోతే కంటి డాక్టరుగారిని కలవండి. తిప్పుతున్నట్టు వుంటే పట్టుదలకి పోకుండా వెంటనే తీసేయండి. చిన్నపిల్లలకి పెట్టేముందు డబ్బా మీద వయసు ఎంత రాశారో చదవండి.

డ్రైవర్ ఆగితే బొమ్మ ఆగుతుంది

ఇక అసలు బాధ ఒకటుంది. సినిమా రీలు డబ్బాలో భద్రంగా వుంటే యాభై ఏళ్ళ తర్వాత కూడా ఎవరో ఒక ఆపరేటర్ ప్రొజెక్టర్ వెతికి వేస్తాడు. డ్రైవర్ సంగతి అలా కాదు. ఎన్విడియా తన త్రీడీ విజన్‌కి 2019 ఏప్రిల్‌లో వీడ్కోలు చెప్పింది. 418 వరస డ్రైవర్లతో సరి. ఆ తర్వాతి డ్రైవర్లలో అది లేదు. అప్పటిదాకా నీడల్నీ ఆకాశాల్నీ ఒక్కో ఆటకీ ఒక్కో మరమ్మతు రాసి, ఉచితంగా పంచిపెట్టిన అభిమానులు వున్నారు. రాత్రుళ్ళు కూర్చుని చేసిన ఆ పనంతా ఒక వెర్షన్ నంబరు దగ్గర ఆగిపోయింది. ఇప్పటికీ కొందరు ఆ పాత డ్రైవర్, దానికి తగ్గ పాత కార్డు దాచుకుని, కొత్త అప్‌డేట్ రాకుండా కాపలా కాస్తున్నారంటే వాళ్ళ ప్రేమ అర్థం చేసుకోండి.

అలాగే మైక్రోసాఫ్ట్ 2017లో తెచ్చిన విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ. ఆ పద్ధతిలో ఎన్నో కంపెనీలు హెడ్‌సెట్లు చేశాయి. 2024లో వచ్చిన విండోస్ 11, 24హెచ్2 వెర్షన్‌లో మైక్రోసాఫ్ట్ ఆ ఏర్పాటునే తీసేసింది. నిన్న వెలిగిన హెడ్‌సెట్, అప్‌డేట్ నొక్కిన మర్నాడు కళ్ళు మూసింది. అద్దాలు పగల్లేదు. వైరు తెగలేదు. ఆపరేటర్ కేబిన్‌కి తాళం పడింది, అంతే!

కాబట్టి హెడ్‌సెట్ కొనబోయే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! తెర ఎంత స్పష్టం, లెన్సు ఎంత పెద్దది అని మాత్రమే అడక్కండి. దీనికి డ్రైవర్ ఎవరిస్తారు, ఇంకా ఇస్తున్నారా, నా కార్డుకి, నా విండోస్‌కి కుదురుతుందా అని అడగండి. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందంటే ఈ ప్రశ్న రెండుసార్లు అడగండి. చవగ్గా ఎందుకు వస్తోందో ఒక్కోసారి జవాబు అక్కడే దొరుకుతుంది.

కొన్నాక ఒక సాయంత్రం తీరిగ్గా కూర్చుని వైరు, వెర్షను, కళ్ళ దూరం, తాళం అన్నీ సరిచూసుకోండి. ఆట ఆ రాత్రే ఆడాలని తొందరపడకండి. అన్నీ కుదిరిన క్షణంలో డ్రైవర్ వున్నాడన్న సంగతే మీకు గుర్తుండదు. ఎదురుగా కొండ, కొండ అవతల లోయ, లోయలో మీరు! తల నొప్పి లేదు, కుదుపు లేదు. అప్పుడు, వీలైతే, ఈలలు వేయించుకోవడమే గానీ ఏనాడూ చప్పట్లు కొట్టించుకోని ఆ ఆపరేటర్‌కి ఒక్క చప్పట కొట్టండి!